డ్రౌన్డ్ కాదు, వజ్ డ్రౌనింగ్

మా మేనకోడలికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అందుకే దానికి ఇంగ్లీషులోనే మెసేజ్ పెడతాను. ఆ రోజు స్విమ్మింగ్ పూల్‌లో దాని తమ్ముడు లోతువైపు వెళ్లి మునిగిపోతుంటే దూకి బయటికి లాగాను. వాడు నీళ్లు కక్కి, ఏడ్చి, తేరుకున్నాక, ఇంకా వణుకుతున్న వేళ్లతోనే రాశాను: "తమ్ముడు డ్రౌన్డ్ ఇన్ ద పూల్. ఐ పుల్డ్ హిమ్ అవుట్."

నిమిషంలో ఫోన్. మాట లేదు, ఏడుపే. చివరికి, "మామయ్యా, అమ్మ ఎలా ఉంది?" అంది. ఆ ప్రశ్న వినగానే నేనేం రాశానో అర్థమైంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి వాడి ముందు పట్టుకున్నాను. "అక్కా" అన్నాడు వాడు.

నా బుర్రలో ఉన్నది "మునిగాడు". తెలుగులో మునిగితే చచ్చిపోవాలనేం లేదు. మూడు మునకలేసి లేచి వస్తాం. అప్పుల్లో మునిగిపోయినవాడూ బతికే ఉంటాడు. డ్రౌన్ అలా కాదు, ఊపిరాడక ప్రాణం పోవడం దాకా ఆ క్రియలోనే ఉంది. హి డ్రౌన్డ్ అన్నాక "బయటికి లాగాను" అంటే, శవాన్ని తీశానన్నట్టే.

రాయాల్సింది "హి వజ్ డ్రౌనింగ్". పాస్ట్ ప్రోగ్రెసివ్ అప్పటికి పని జరుగుతోందని చెప్పి ఊరుకుంటుంది, పూర్తయిందని చెప్పదు. అన్ని క్రియలకీ ఇంత తేడా రాదు. "హి వజ్ స్విమ్మింగ్" నిజమైతే "హి స్వామ్" కూడా నిజమే, కాసేపు ఈదినా ఈదినట్టే కదా. "హి వజ్ డ్రౌనింగ్" నిజమైనా "హి డ్రౌన్డ్" అబద్ధం కావచ్చు. ఆ కావచ్చులోనే మా వాడి ప్రాణం ఉంది. భాషాశాస్త్రవేత్త డేవిడ్ డౌటీ 1970లలోనే దీని గురించి రాశాడు, ఇంపర్ఫెక్టివ్ ప్యారడాక్స్ అంటారు.

డాక్టర్ల లెక్క వేరు. 2002లో కుదిరిన నిర్వచనం ప్రకారం నీళ్లలో ఊపిరికి అడ్డం పడితే చాలు, మనిషి బతికినా దాన్ని డ్రౌనింగ్ అనే అంటారు. కానీ దూరాన ఉన్న అక్క తమ్ముడి గురించి చదివేటప్పుడు ఆ నిర్వచనం గుర్తుకు రాదు.

మెసేజ్ తుడిచేసి, వజ్ డ్రౌనింగ్ అని సరిచేసి మళ్లీ పంపాను. అది చూడలేదు. అప్పటికింకా తమ్ముడితో మాట్లాడుతూనే ఉంది.