ఇంటి భాష: తెలుగు

అమెరికాలో మా అబ్బాయిని కిండర్‌గార్టెన్‌లో చేర్చిన రోజు నింపమని ఇచ్చిన కాగితాల్లో ఇంటి భాషను అడిగే పత్రం ఒకటి ఉంది. ‘ఇంగ్లీషు అని రాసెయ్యండి, లేకపోతే లేనిపోని పరీక్షలు పెడతారు’ అని మిత్రులు హెచ్చరించినా, నేను ఉన్నమాటే రాశాను. పరీక్ష పెట్టారు, వాణ్ని ‘ఇంగ్లీష్ లెర్నర్’ల, అంటే ఇంగ్లీషు ఇంకా నేర్చుకుంటున్న పిల్లల, జాబితాలో చేర్చారు. ఈమధ్య చాలాచోట్ల ‘బహుభాషా విద్యార్థి’ అనే మర్యాదైన పేరు వినిపిస్తోంది గానీ, సమాఖ్య విద్యా చట్టంలో ఉన్నది పాత పేరే.

2015 నాటి ‘ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్’ చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రమూ, ప్రతి పాఠశాల జిల్లా (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) ఏటా తమ బడుల పనితీరును చూపే ఒక రిపోర్ట్ కార్డును ప్రజల ముందు ఉంచాలి. అందులో ఈ పిల్లల ఫలితాలను విడిగా చూపాలి. మా జిల్లా కార్డును మొదటిసారి తెరిచినప్పుడు, పఠనంలో ఆ వర్గం ఉత్తీర్ణత చూసి నాకు గుండె జారింది. తరువాత నెమ్మదిగా ఆలోచిస్తే తెలిసింది, ఆ అంకెలో ఒక మెలిక ఉంది. ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్లవాడు ఆ వర్గం నుంచి బయటికి వెళ్లిపోతాడు, కొత్తగా వచ్చినవాడు అందులో చేరతాడు. కాబట్టి బడి ఎంత చక్కగా బోధించినా ఆ సగటు ఎప్పుడూ కిందనే కనిపిస్తుంది. ఇది గమనించే కాబోలు, బయటికి వెళ్లిన పిల్లల మార్కులను మరో నాలుగేళ్ల వరకు ఆ వర్గంలోనే లెక్కించుకునే వెసులుబాటును చట్టం రాష్ట్రాలకు ఇచ్చింది. కానీ అలా కలిపారో లేదో తెలియకుండా రెండు రాష్ట్రాల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం వృథా.

నాకున్న మరో అసంతృప్తి వేరు. 2021లో దేశం మొత్తం మీద ప్రభుత్వ బడుల్లో ఇలాంటి పిల్లలు సుమారు 53 లక్షల మంది ఉంటే, వారిలో దాదాపు నాలుగింట మూడు వంతుల ఇళ్లలో మాట్లాడేది స్పానిష్. ఫలితాలను ఇంటి భాషల వారీగా విడదీసి చూపమని చట్టం అడగదు. అందువల్ల తెలుగు పిల్లల సంగతి ఆ ఒక్క వరుసలోనే కలిసిపోతుంది. సంఖ్య మరీ తక్కువైతే, పిల్లల గోప్యత కోసం ఆ గడినే మూసేస్తారు. అది న్యాయమే.

నా మటుకు నేను చూసేది సగటును కాదు, ఏటా ఎందరు ఇంగ్లీషులో ప్రావీణ్యం సాధించారన్న అంకెను. అది రిపోర్ట్ కార్డులో ఉండి తీరాలి. ఐదేళ్లు గడిచినా ఆ స్థాయిని అందుకోలేని వారెందరన్న లెక్కను మాత్రం, సమాఖ్య నిధులు పొందే జిల్లాలు రాష్ట్రానికి సమర్పిస్తే చాలు, తల్లిదండ్రులు చూసే కార్డులో పెట్టాలన్న నిబంధన లేదు. మావాడికి ఇది నాలుగో ఏడు. కిందటి వారం ఆ లెక్క కోసమే జిల్లా కార్యాలయానికి ఉత్తరం రాశాను.