3.2 మిల్లీమీటర్ల లోపల నాలుగేళ్లు

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం, మినియాపోలిస్ శివార్లలో ఉన్న ఒక ఫ్యాక్టరీలో 2012 నుంచి 2016 వరకు నేను దాదాపు ఒకే వస్తువు మీద పనిచేశాను. గుండె లయ తప్పినప్పుడు షాక్ ఇచ్చి సరిచేసే డీఫిబ్రిలేటర్‌కు, అక్కడి నుంచి సిర గుండా గుండె కుడి జఠరికలోకి దిగే లీడ్ అనే తీగకు మధ్య ఉండే కనెక్టర్ అది. లీడ్ చివర ఉండే ఈ ప్లగ్ మందం 3.2 మిల్లీమీటర్లు, అంటే అగ్గిపుల్ల కంటే కొంచెం లావు. ఆ లావులోనే నాలుగు వేర్వేరు విద్యుత్ మార్గాలు, వాటి మధ్య ఇన్సులేషన్, తీగలు వెల్డ్ అయ్యే చోట్లు, వీటన్నిటి నడుమ స్టైలెట్ అనే సన్నని ఉక్కు తీగ లీడ్ లోపలికి దూరేందుకు ఒక రంధ్రం, అన్నీ ఇమడాలి.

మా ఫ్యాక్టరీ సొంత పేరుతో ఏదీ అమ్మేది కాదు, పెద్ద సంస్థలకు భాగాలు చేసి ఇచ్చేది. 1957లో మిన్నెసోటా విశ్వవిద్యాలయ శస్త్రవైద్యుడు వాల్టన్ లిలెహై కోసం ఎర్ల్ బాకెన్ బ్యాటరీతో నడిచే పేస్‌మేకర్‌ను తయారుచేసి ఇచ్చారు. అప్పటి నుంచి ఆ నగరం చుట్టూ ఈ పరిశ్రమతో పాటే మాలాంటి చిన్న తయారీదారులూ పెరుగుతూ వచ్చారు. నేను అక్కడ చేరేనాటికి నాకున్న అనుభవమంతా కారు విడిభాగాల తయారీలోనే. కొలతలు, యంత్రాలు తెలుసు గానీ, శరీరం లోపల ఒక వస్తువు పదేళ్లు బతకాలంటే ఏం కావాలో తెలియదు.

అది నాకు పుస్తకాల కంటే మా నాన్న వల్ల బాగా అర్థమైంది. గుంటూరులో ఆయనకు 2004లో పేస్‌మేకర్ పెట్టారు. 2013లో బ్యాటరీ అయిపోవచ్చింది, పరికరం మార్చాలన్నారు. ఆ రాత్రి ఆయన ఫోన్‌లో, "ఒరేయ్ నాన్నా, కొత్త డబ్బా వేరే కంపెనీదట. లోపలున్న పాత తీగ దీనికి పడుతుందా, లేకపోతే అది కూడా పీకుతారా?" అని అడిగారు. తొమ్మిదేళ్లలో లీడ్ చుట్టూ కణజాలం పెరిగి సిర గోడకు, గుండెకు అతుక్కుపోయి ఉంటుందనీ, దాన్ని పీకడం ప్రమాదంతో కూడిన పని అనీ ఆయనకు ఎవరో చెప్పారు. అది నిజమే. కానీ ఆయన లీడ్ చివర ఉన్నది ఐఎస్-1 కనెక్టర్ అని నాకు తెలుసు కాబట్టి, "పడుతుంది నాన్నా, స్క్రూ విప్పి పాత డబ్బా తీసి, అదే తీగను కొత్త దాంట్లో పెట్టి బిగిస్తారు" అని ధైర్యంగా చెప్పగలిగాను. అలాగే జరిగింది కూడా.

ఆ ధైర్యం వెనక ఒక ప్రమాణం ఉంది. 1980లలో ఒక్కో కంపెనీ కనెక్టర్‌ది ఒక్కో కొలత. 5 మిల్లీమీటర్లవి కొన్ని, 6 మిల్లీమీటర్లవి కొన్ని, 3.2 మిల్లీమీటర్లున్నా సీలింగ్ రింగులు లేనివి ఇంకొన్ని ఉండేవి. పరికరం మార్చాల్సి వస్తే అడాప్టర్ వెతకాలి, ఆ అడాప్టరే మరో బలహీనమైన అతుకు. ఐఎస్ఓ 5841-3 అనే ప్రమాణంతో ఐఎస్-1 వచ్చాక పేస్‌మేకర్లకు ఆ బాధ తీరింది. డీఫిబ్రిలేటర్లకు వచ్చిన డీఎఫ్-1 మాత్రం అంత సుఖంగా లేదు. షాక్‌ను గుండెకు అందించే తీగచుట్టలు (కాయిల్స్) రెండు ఉన్న లీడ్ చివర మూడు కొమ్మలుగా చీలి, మూడు ప్లగ్గులతో, మూడు చోట్ల బిగించాల్సి వచ్చేది. చర్మం కింద అదంతా ఒక ముద్దలా కూర్చునేది. పైగా రెండు షాక్ ప్లగ్గులూ ఒకే రకంగా ఉండటం వల్ల ఒకదాని చోట మరొకటి దూర్చే వీలుండేది. ఆ మూడింటినీ ఒకే వరుసలో, ఒకే ప్లగ్‌లోకి తెచ్చిందే డీఎఫ్4. దాని ప్రమాణం ఐఎస్ఓ 27186, 2010లో వెలువడింది. మాకు అప్పగించింది ఆ డీఎఫ్4 ప్లగ్ తయారీనే.

డ్రాయింగ్ బల్ల ముందు కూర్చున్నాక నేను గ్రహించిన మొదటి విషయం, ఇందులో సగమే మా చేతిలో ఉందని. ఐఎస్-1లో శరీర ద్రవాలను ఆపే సిలికోన్ రింగులు లీడ్ మీదే ఉంటాయి. డీఎఫ్4లో అవి పరికరం పైభాగాన ఉండే హెడర్ అనే పారదర్శకమైన భాగం లోపలికి వెళ్లిపోయాయి. మా ప్లగ్ మీది లోహపు రింగులకు తగిలే స్ప్రింగులూ అక్కడే ఉంటాయి. మా ప్లగ్ నునుపుగా, గుండ్రంగా, చెప్పిన కొలతలో ఉండాలి, అంతే. కానీ ఆ "అంతే"లో చాలా ఉంది. మేం ఎన్నడూ చూడని, రాబోయే పదేళ్లలో ఎవరో తయారుచేయబోయే హెడర్‌లోకి కూడా అది సాఫీగా వెళ్లాలి, అక్కడి సీళ్లను కోయకూడదు, వాటి కింద చుక్క ద్రవం కూడా దూరనివ్వకూడదు. ప్లగ్ కొసన ఉండే పిన్, మొదటి రింగ్ గుండె స్పందనను వినేందుకు, చిన్న పల్స్ ఇచ్చేందుకు ఉంటాయి. వెనక రెండు రింగుల మీద షాక్ వేళ దాదాపు 800 వోల్టులు పడతాయి. వాటి మధ్య మిగిలే ఇన్సులేషన్ కొద్ది మిల్లీమీటర్లే.

రింగులకు మేం వాడిన లోహం ఎంపీ35ఎన్. అందులో నికెల్, కోబాల్ట్ చెరో 35 శాతం, క్రోమియం 20, మాలిబ్డినం 10 శాతం ఉంటాయి. ఉప్పునీటిలో తుప్పు పట్టదు, ఎంత వంచినా త్వరగా అలసిపోదు, అందుకే లీడ్ తీగలకు కూడా ఇదే వాడతారు. యంత్రం మీద మాత్రం మొండిది. సన్నని ముక్కలు కోసే స్విస్ లేత్ మీద టూల్ ఒక్క క్షణం తడబడి రాసుకున్నా ఆ చోట లోహం గట్టిపడిపోతుంది, తర్వాతి కోత అంచున ముల్లులాంటి బర్ మిగులుతుంది. కంటికి కనిపించని ఆ బర్ హెడర్‌లోని సిలికోన్ సీల్‌ను బ్లేడులా గీస్తుంది. టూల్ ఎన్ని ముక్కలకు ఒకసారి మార్చాలో తేల్చుకోవడానికే మాకు ఐదు నెలలు పట్టింది.

ప్రయోగాత్మకంగా చేసిన మొదటి పైలట్ లాట్ 2014 వేసవిలో వచ్చింది. కొలతలన్నీ సరిపోయాయి, గేజ్‌లోకి హాయిగా వెళ్లాయి. లీటరుకు 9 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లలో, 37 డిగ్రీల దగ్గర, పది రోజులు నానబెట్టాం. పదకొండో రోజు ఉదయం 60 ముక్కల్లో మూడింటికి వెనక రెండు రింగుల మధ్య నిరోధం బాగా పడిపోయింది. మీటర్ ముళ్లు మార్చి చూశాను, ముక్కలను తుడిచి ఆరబెట్టి చూశాను, మార్పు లేదు. లోపలెక్కడో నీరు దారి చేసుకుంది.

ఆ మూడింటిని ఎపాక్సీలో పోతపోసి, నిలువుగా కోసి, నునుపు చేసి మైక్రోస్కోప్ కింద పెట్టాం. మూడో రింగుకూ, దాని చుట్టూ మోల్డ్ అయిన పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్‌కూ మధ్య వెంట్రుక కంటే సన్నని చీలిక ఒకటి చివరి నుంచి చివరి దాకా నడిచింది. నాకు మొదట తోచిన కారణం తేమ. పాలీయురేథేన్ గుళికలను మోల్డింగ్‌కు ముందు బాగా ఆరబెట్టకపోతే లోపల బుడగలు వస్తాయి. ఆ అనుమానంతోనే మూడు వారాలు డ్రయ్యర్ల చుట్టూ తిరిగాను. ఆరబెట్టే సమయం పెంచి చేసిన లాట్‌లోనూ రెండు ముక్కలు పరీక్షలో పడిపోయాయి.

కారణం నాకు దొరకలేదు, మా లేజర్ వెల్డింగ్ బల్ల దగ్గర పనిచేసే పెద్దావిడకు దొరికింది. లావోస్ నుంచి శరణార్థులుగా వచ్చి ఆ నగరంలో స్థిరపడిన మాంగ్ జాతి కుటుంబాల్లో ఆవిడది ఒకటి. పద్దెనిమిదేళ్లుగా మైక్రోస్కోప్‌లో కళ్లు పెట్టి తీగలను రింగులకు వెల్డ్ చేస్తున్నారు. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి ఐపీస్ ముందు కూర్చోబెట్టారు. "వెల్డ్ చుట్టూ రంగు చూడండి. శీతాకాలంలో చేసినవి వెండిలా ఉండేవి. ఇప్పుడు కొన్నింటికి టీ మరకలాంటి వలయం వస్తోంది. ఆర్గాన్ సరిగానే వస్తోంది, నేను చూశాను" అన్నారు. నేను చూశాను. వెల్డ్ చుక్క మెరుస్తోంది, దాని చుట్టూ గోధుమరంగు నీడ ఉంది. పక్క ట్రేలోని ముక్కకు ఆ నీడ లేదు.

ఆర్గాన్ అనే రక్షణ వాయువు సరిగా ఉన్నా వెల్డ్ చుట్టూ మసి వస్తోందంటే అక్కడ కాలడానికి ఏదో ఉందన్నమాట. రింగుల లోపలి భాగాన్ని ప్రయోగశాలలో పరీక్షిస్తే లేత్ మీద వాడే నూనె జాడ కనిపించింది. పాలీయురేథేన్ పట్టు కోసం రింగు లోపల నేనొక గాడి గీశాను. రెండువైపులా మూసుకుపోయిన గాడి అది. ముక్కలను కడిగే అల్ట్రాసోనిక్ తొట్టిలో అవి పడుకుని ఉన్నప్పుడు ఆ గాడిలో గాలి బుడగ నిలిచిపోయి, కడిగే ద్రవం అక్కడికి చేరడమే లేదు. నూనె ఉన్న చోట పాలీయురేథేన్ అంటుకోలేదు, అంటుకోని చోట నీరు నడిచింది. పట్టు పెంచుతుందనుకుని నేను గీసిన గీతే పట్టు పోగొట్టింది.

ఈ దశలో మాకు పని ఇచ్చిన సంస్థ తరఫు ప్రాజెక్ట్ మేనేజర్ ఒక ప్రశ్న వేశారు: మరక ఉన్న ముక్కలను కంటితో ఏరేసి, మిగతావాటితో ముందుకు వెళ్లవచ్చు కదా అని. గడువు ఒత్తిడి ఆయనకూ ఉంది. నేను కుదరదన్నాను. మరక వెల్డ్ దగ్గర కనిపిస్తుంది గానీ, నూనె గాడి చుట్టూ ఎక్కడైనా ఉండవచ్చు. లీకేజీ పది నిమిషాల తనిఖీలో బయటపడేది కాదు, దానికి పది రోజులు కావాలి, శరీరంలో అయితే పదేళ్లు. ఆ రెండు రింగుల మధ్య దారి పడితే షాక్ శక్తి గుండెకు చేరకుండా అక్కడే ఖర్చయిపోవచ్చు. రాతపూర్వకంగా ఇదే రాసి పంపాను. పదకొండు వారాల ఆలస్యానికి వాళ్లు ఒప్పుకున్నారు.

గాడికి ఎదురెదురుగా రెండు సన్నని చీలికలు ఇచ్చి, ద్రవం ఒకవైపు నుంచి వచ్చి మరోవైపు పోయేలా చేశాను. తొట్టిలో ముక్కలు పడుకోకుండా వాలుగా నిలబడే బుట్టలు చేయించాం. వేడి క్షార ద్రావణంలో కడిగి, శుద్ధజలంతో మూడుసార్లు జాడించి, వాక్యూమ్‌లో ఆరబెట్టి, మోల్డింగ్‌కు ముందు ప్లాస్టిక్ బాగా అంటుకునేలా ప్లాస్మా చికిత్స చేశాం. గాడి ఆకారం మారింది కాబట్టి వెల్డ్ బలం, లాగుడు పరీక్ష, వంపు పరీక్ష అన్నీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. యూరప్ ప్రమాణం ఈఎన్ 45502 ప్రకారం కనెక్టర్ దగ్గర లీడ్‌ను అటూ ఇటూ 45 డిగ్రీలు వంచుతూ 82,000 సార్లు ఊపాలి. మనిషి భుజం కదిలినప్పుడల్లా చర్మం కింద ఆ చోటే వంగుతుంది. యంత్రం రాత్రింబవళ్లు ఊపుతూనే ఉండేది.

ఈ మధ్యలో ఇద్దరు గుండె వైద్యులు వచ్చి మా నమూనాలను చేతిలోకి తీసుకున్నారు. తడి గ్లోవ్స్‌తో, తక్కువ వెలుతురులో ప్లగ్‌ను హెడర్‌లోకి నెట్టమని అడిగాం. డ్రాయింగ్‌లో నేను అందంగా చేసిన వెనక భాగం వాళ్ల వేళ్ల నుంచి జారిపోయింది. ప్లగ్ పూర్తిగా వెళ్లిందనడానికి గుర్తు, పిన్ కొన, దాన్ని బిగించే సెట్ స్క్రూ ఉన్న దిమ్మను దాటి అవతల కనిపించడమే. ఆ తర్వాతే టార్క్ రెంచ్‌తో క్లిక్ అనేదాకా తిప్పాలి, చివరగా ఒకసారి మెల్లగా లాగి చూడాలి. పిన్ సగమే వెళ్లినప్పుడు స్క్రూ బిగిస్తే తగులూ తగలక పుట్టే సంకేతాన్ని పరికరం గుండె లయే అనుకుని, అవసరం లేని షాక్ ఇవ్వవచ్చు. స్పృహలో ఉన్న మనిషికి అది భయంకరమైన అనుభవం. అందుకే జారే భాగానికి గట్లు పెట్టి, పట్టు దొరికేలా మార్చాం. నాలుగేళ్లలో నేను చేసిన మార్పుల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

చివరి ధ్రువీకరణ పరీక్షకు (వాలిడేషన్‌కు) ఎన్ని ముక్కలు పరీక్షించాలనే లెక్క సూటిగా ఉంటుంది. 95 శాతం నమ్మకంతో 95 శాతం విశ్వసనీయత, అంటే నూటికి కనీసం 95 ముక్కలు బాగుంటాయని, చూపాలంటే ఒక్క వైఫల్యం కూడా లేకుండా 59 ముక్కలు చాలు. విశ్వసనీయత 99 శాతానికి పెంచితే 299 కావాలి. ఇన్సులేషన్‌కు మేం రెండోది ఎంచుకున్నాం.

మూడు లాట్ల నుంచి తీసిన 299 కనెక్టర్లు 2016 ఫిబ్రవరిలో ఉప్పునీళ్ల తొట్లలోకి వెళ్లాయి. అప్పటికి వెల్డింగ్ బల్ల మీద కొత్త తనిఖీ పత్రం అమల్లో ఉంది. అందులో మూడు ఫొటోలు ఉంటాయి: వెండి మెరుపుది, లేత పసుపుది, టీ మరకది. మొదటిదే తీసుకోవాలి, మిగతా రెండూ పక్కన పెట్టి ఇంజినీర్‌ను పిలవాలి. ఆ ఫొటోలు ఎంపిక చేసింది ఆ పెద్దావిడే. పదకొండో రోజు సాయంత్రం ఆవిడ షిఫ్ట్ ముగించుకుని ల్యాబ్‌లోకి వచ్చి, చివరి ఇరవై ముక్కల కొలతలు నేను రాస్తుంటే పక్కన నిలబడి చూశారు. 299లో ఒక్కటీ పడిపోలేదు.