మోటారు కాలిన రోజు

ఆదివారం పొద్దున్నే సంపు మోటారు కాలిపోయింది. మెకానిక్ వచ్చి మూత విప్పి, వాసన చూసి, "కాయిలు పోయిందక్కా, రీవైండింగ్ చెయ్యాల" అంటూ మోటారును గోనెసంచిలో వేసుకుని వెళ్ళాడు. మేముండేది రెండో అంతస్తు, మొక్కలేమో ఆపైన మిద్దె మీద. తిరుపతిలో మే నెల ఎండకి ఒక్క పూట నీళ్ళు లేకపోయినా మల్లె తల వాల్చేస్తుంది. ఆరు బకెట్లు మోశాను. నాలుగో దానికే నడుము పట్టేసింది. పిట్టగోడ ఆనుకుని చూస్తే పక్కింటి కొబ్బరిచెట్టు, మా మిద్దె దాటి ఇంకా పైకి. దానికి ఏ మోటారూ లేదు!

కిందికి దిగేసరికి పాప హోంవర్కు. తెల్లపువ్వును రంగునీళ్ళలో పెట్టి చూడమన్నారట. నిన్న నందివర్ధనం కొమ్మ పెడితే తుంచినచోట పాలు కారి గట్టిపడ్డాయి, రంగు ఎక్కనే లేదు. ఇవాళ పూలంగడిలో కాడతో సహా లిల్లీ తెచ్చాను. కాడను నీళ్ళలో ముంచి, నీళ్ళలోనే ఏటవాలుగా కోశాను. బయట కోస్తే లోపలి సన్నటి గొట్టాల్లోకి గాలి దూరి నీటి దారం తెగిపోతుంది. మధ్యాహ్నానికి రేకుల అంచుల్లో గులాబీ రంగు గీతలు. కాడను అడ్డంగా కోసి చూపిస్తే ఎర్ర చుక్కలు, ఎవరో కుంకుమ చల్లినట్టు. "ఇవేనా పైపులు?" అంది పాప.

"అయితే మోటారు ఎక్కడ?" అని కూడా అడిగింది.

వేరు కిందనుంచి నీళ్ళను తోస్తుందని చిన్నప్పుడు నేనూ అనుకున్నాను. కొంత తోస్తుంది కూడా, కానీ పెద్ద చెట్టుకు అది చాలదు. పైన మోటారు పెట్టి పీల్చినా నీళ్ళు 10 మీటర్లకు మించి ఎక్కవు. అందుకే బోరులోకి, నీళ్ళలో మునిగి కిందనుంచి తోసే సబ్‌మెర్సిబుల్ మోటారు దించుతాం. చెట్టులో నీళ్ళను లాగేది ఆకు. ఎండకి ఆకు రంధ్రాల్లోంచి ఒక్కో నీటి కణం ఆవిరైపోతుంటే, ఒకదాన్నొకటి పట్టుకున్న నీటి కణాలు వేరు దాకా గొలుసులా కదులుతాయి. డబ్లిన్‌లో డిక్సన్, జోలీ అనే శాస్త్రవేత్తలు ఈ మాట చెప్పింది 1894లో. మన జగదీశ్ చంద్రబోస్ మాత్రం చెట్టు లోపలి జీవకణాలు గుండెలా కొట్టుకుని నీళ్ళు ఎక్కిస్తాయన్నారు. నాకైతే ఆ ఊహే అందంగా తోస్తుంది, నిలబడింది మాత్రం డిక్సన్ మాట. చెట్టు తాగిన నీళ్ళలో నూటికి 95 పాళ్ళ పైగా ఇలా గాల్లోకే పోతాయి. అంటే నా ఆరు బకెట్లూ దాదాపు ఆవిరే. ఏడుపొచ్చింది.

అమ్మ మీద గతవారం అరిచిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. నర్సరీ నుంచి తెచ్చిన గులాబీని తొట్టిలోకి మారుస్తూ సగం ఆకులు తుంచేసింది. పచ్చటి మొక్కను పాడుచేశావని రుసరుసలాడాను. ఫోన్ చేసి ఎందుకు తుంచావని అడిగితే, చిత్తూరు పక్క పల్లెలో ఆరేళ్ళ వయసునుంచి నారు నాటిన మనిషి, నవ్వింది. "వేరు పట్టుకునేదాకా అన్ని ఆకులకీ నీళ్ళు ఎవరు తెచ్చిపోస్తారమ్మే?"

గులాబీకి రెండు కొత్త చిగుళ్ళు వచ్చాయని చెప్పాను. అరిచిన విషయం ఇద్దరం ఎత్తలేదు.

రాత్రి చూస్తే పాప లిల్లీ గ్లాసును ఫ్యాన్ కింద పెట్టి ఉంది, గాలికి తొందరగా ఎర్రబడుతుందని. మెకానిక్ రేపు పదింటికి వస్తానన్నాడు. పొద్దున్నే మళ్ళీ బకెట్లే.