బస్టాండులో బారిస్టరు

మా అబ్బాయి ఉద్యోగం పుణ్యమా అని జోహన్నెస్‌బర్గ్ చూశాను. గాంధీ స్క్వేర్‌కి తీసుకెళ్ళరా అంటే "అదొట్టి బస్టాండు నాన్నా" అన్నాడు. వాడన్నది నిజమే. బస్సుల హడావిడిలో జనం తలెత్తి చూడరు.

అక్కడున్న కంచు గాంధీకి చేతికర్ర లేదు, కొల్లాయి లేదు. వయసులో ఉన్న బారిస్టరు. సూటు మీద లాయరు గౌను, చేతిలో పుస్తకం. శిల్పి టింకా క్రిస్టఫర్. 2003లో పెట్టారు. గౌను వేసుకునే వృత్తి నాది కాబట్టి కళ్ళు ముందు దాని మీదికే పోయాయి. గాలికి లేచినట్టు పోత పోశారు. కేసు పిలిచారని వరండాలో పరుగెత్తే జూనియర్ గౌను ఇలాగే ఎగురుతుంది! నోట్ల మీది ముసలి గాంధీకి అలవాటుపడ్డ కళ్ళకి ఈ మనిషిని పోల్చుకోవడానికి కాస్త టైము పట్టింది.

2015 ఏప్రిల్‌లో ఈ విగ్రహం మీద తెల్లరంగు పోశారు. ఆఫ్రికన్లను చిన్నచూపు చూస్తూ ఆయన తొలినాళ్ళలో రాసిన రాతలున్నాయి, వాటి మీద కోపం. రంగు పొయ్యడం నాకు నచ్చదు గానీ ఆ రాతలు లేవని మాత్రం ఎలా వాదించను?

ఈ చౌకులో ఒకప్పుడు కోర్టులుండేవి. 1893లో ఒక వ్యాపారి దావా పని మీద దక్షిణాఫ్రికా వచ్చిన గాంధీ, 1903లో ఇక్కడికి దగ్గర్లోనే, రిస్సిక్ వీధిలో, ఆఫీసు తెరిచారు. మనవాళ్ళు వేలిముద్రలిచ్చి రిజిస్టరు చేయించుకోవాలన్న చట్టానికి ఎదురుతిరిగి, జోహన్నెస్‌బర్గ్ ఉన్న ట్రాన్స్‌వాల్ ప్రాంతం వదిలి పొమ్మన్నా పోకపోవడంతో 1908 జనవరిలో ఆయన్నే బోనెక్కించారు. వాదించిన కోర్టులోనే ముద్దాయిగా నిలబడటం కాస్త ఇబ్బందిగా అనిపించిందని ఆయనే రాసుకున్నారు. అయినా లాయరు పాత్ర కన్నా ముద్దాయి పాత్రే గౌరవంగా తోచిందట. నా చేతిలో ఉంటే ఈ గౌనుతో పాటు ఆ బోను కూడా పోత పోయించేవాణ్ణి.

ప్రిటోరియాలో ఇదే నేరానికి తోటి భారతీయులకి మూడు నెలల కఠిన ఖైదు పడిందని, తనకి అంతకన్నా ఎక్కువ వెయ్యమని మేజిస్ట్రేటుని అడిగారు. శిక్ష తగ్గించమని బతిమాలుకోవడమే ఎరిగిన నాకు ఈ ప్రార్థన ఏ సెక్షను కిందికొస్తుందో తెలీదు. మేజిస్ట్రేటు ఒప్పుకోలేదు, రెండు నెలల సాధారణ ఖైదుతో సరిపెట్టాడు.