హిల్డెస్‌హైమ్ తలుపులు

జర్మనీలోని హానోవర్ నుంచి రైలెక్కి హిల్డెస్‌హైమ్ వెళ్లింది కేవలం ఒక జత తలుపుల కోసం. 1015లో అక్కడి బిషప్ బెర్న్‌వర్డ్ పోత పోయించిన కంచు తలుపులవి, ఆ ఊరి కేథడ్రల్‌లో (బిషప్ పీఠమున్న పెద్ద చర్చి) ఉన్నాయి. ఎత్తు 4.7 మీటర్లు, ఒక్కో రెక్క ఒకే పోత! వాటి మీది బైబిల్ బొమ్మల్లో ఒకదాంట్లో, తినొద్దన్న పండు తిన్నందుకు దేవుడు నిలదీస్తే ఆదాము హవ్వ వైపు వేలు చూపిస్తాడు, హవ్వేమో కాళ్ల దగ్గరి పామును. అచ్చం మా ఇంట్లో గాజు గ్లాసు పగిలినప్పటి సీనే. నవ్వాగలేదు.

ఈ బెర్న్‌వర్డ్, మూడేళ్లకే కిరీటం పెట్టుకున్న జర్మన్ రాజు మూడో ఒట్టోకి చదువు చెప్పిన గురువు. 993లో బిషప్ అయ్యాడు, 1022లో పోయేదాకా అదే పీఠం. 1945 బాంబు దాడిలో కేథడ్రల్ కూలిపోయినా, ముందే తీసి దాచడంతో తలుపులు మిగిలాయి. బెర్న్‌వర్డ్ సమాధి మాత్రం ఆయనే కట్టించిన సెయింట్ మైఖేల్ చర్చిలో ఉంది. అక్కడికి చేరేసరికి చీకటి పడింది. సమాధి ముందు నిలబడ్డా, కళ్లలో మాత్రం ఆ పామే.