బ్యాకర్ల డబ్బుతో గేమ్ చేస్తూ బర్నౌట్ నుంచి బయటపడిన నా అనుభవం

క్రౌడ్‌ఫండింగ్‌తో, అంటే చాలామంది ముందుగానే తలా కొంత ఇవ్వడంతో, మా వీడియో గేమ్‌కు డబ్బు సమకూరి ఏళ్లు గడిచాయి. అలా డబ్బిచ్చినవాళ్లనే బ్యాకర్లు అంటారు. గేమ్ ఇంకా విడుదల కాలేదు. మధ్యలో ఒక దశలో ప్రాజెక్ట్ ఫోల్డర్ తెరవాలంటేనే నాకు గుండె దడ వచ్చేది. ఇప్పుడు మళ్లీ రోజూ పని చేయగలుగుతున్నాను. ఆ మధ్యకాలం ఎలా గడిచిందో ఇదే స్థితిలో ఉన్న డెవలపర్ల కోసం రాస్తున్నాను. డబ్బిచ్చి ఎదురుచూస్తున్న బ్యాకర్లు కూడా చదివితే సంతోషం.

మాది ఇద్దరి టీమ్. కోడ్, లెవెల్ డిజైన్ నావి. బొమ్మలు, యానిమేషన్ నా స్నేహితురాలివి. డబ్బు సేకరించిన క్యాంపెయిన్ నాటికే ఆడదగ్గ ప్రోటోటైప్ (తొలి నమూనా) ఉండడంతో, ట్రైలర్ చూసినవాళ్లకు సగం గేమ్ అయిపోయినట్టే కనిపించింది. కానీ గేమ్‌లో ఎక్కువ కాలం తినేసే పని ట్రైలర్‌లో కనపడదు.

ఆట ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుంచుకునే సేవ్ సిస్టమ్ సంగతే తీసుకోండి. ఆటగాడు తాళంచెవి సంపాదించి తలుపు తెరిచాడు, తర్వాతి చెక్‌పాయింట్ (ఆట సేవ్ అయ్యే చోటు) చేరేలోపు చనిపోయాడు. మళ్లీ మొదలైనప్పుడు ఆ తలుపు తెరిచి ఉండాలా, మూసి ఉండాలా? మూసి ఉంటే తాళంచెవి తిరిగి దొరుకుతుందా? దొరక్కపోతే అతని ఆట అక్కడితో ఆగిపోయినట్టే. ప్రతి తలుపుకూ, ప్రతి శత్రువుకూ, ప్రతి సంభాషణకూ ఇలాంటి ప్రశ్న ఒకటుంటుంది. వీటిని సరిచేస్తూ వారాలకు వారాలు గడిచిపోతాయి. తీరా అప్‌డేట్‌లో పెట్టడానికి స్క్రీన్‌షాట్ తీస్తే, తెర పోయిన నెల ఎలా ఉందో ఈ నెలా అలాగే ఉంటుంది.

నన్ను కుంగదీసింది అదే. పని జరుగుతోంది, చూపించడానికేమీ లేదు. దాంతో చూపించడం కోసమే పనులు మొదలయ్యాయి. అప్‌డేట్‌కు పనికొచ్చే ఒక చిన్న వీడియో కోసం అసలు పని పక్కన పెట్టడం, అది వెనకబడిందని రాత్రిళ్లు కూర్చోవడం. "ఎప్పుడొస్తుంది?" అని ఎవరైనా మామూలుగా అడిగినా టెన్షనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌కు ఇచ్చిన నిర్వచనంలో మూడు లక్షణాలున్నాయి: శక్తి హరించుకుపోవడం, పని మీద విముఖత, ఏ పనీ సరిగ్గా చేయలేకపోతున్నానన్న భావన. మూడూ నాలో ఉన్నాయి. అది జబ్బు కాదనీ, పనిచోట తగ్గకుండా సాగే ఒత్తిడి వల్ల వచ్చే స్థితి అనీ అందులోనే ఉంది. నాకు ఊరట ఇచ్చిన మాట అది. అంటే మారాల్సింది పని జరిగే తీరు.

ఆ రోజుల్లో వేరే గేమ్‌ల చరిత్ర వెతికి చదివాను. 'బ్రోకెన్ ఏజ్' 2012లో 4 లక్షల డాలర్లు అడిగితే 33 లక్షలకు పైగా వచ్చాయి. అయినా గేమ్ రెండు భాగాలుగా 2014లో, 2015లో వచ్చింది. 'షవల్ నైట్' 2014లోనే విడుదలైంది, కానీ క్యాంపెయిన్‌లో మాటిచ్చిన అదనపు కథలు పూర్తయ్యేసరికి 2019 ముగింపుకొచ్చింది. 'హాలో నైట్' 2014 క్యాంపెయిన్‌లో స్ట్రెచ్ గోల్‌గా (అడిగినదానికంటే ఎక్కువ డబ్బొస్తే చేస్తామన్న అదనపు పనిగా) ఉన్న రెండో పాత్ర ఆట పెరిగి పెరిగి వేరే గేమే అయి, 'సిల్క్‌సాంగ్' పేరుతో 2025లో వచ్చింది. మంచి పేరున్న టీమ్‌ల పరిస్థితే ఇది. స్ట్రెచ్ గోల్ అంటే క్యాంపెయిన్ పేజీలో ఒక్క వాక్యం. చేసేవాళ్లకు మాత్రం ఏళ్ల పని. వీలుంటే కొత్తవాళ్లు వాటి జోలికి పోవద్దనే నా అభిప్రాయం.

మేమిద్దరం కూర్చుని ముందు ఒక విరామం ప్రకటించాం. తర్వాత ఒక పెద్ద అప్‌డేట్ రాశాం: డబ్బు దేనికి ఎంత ఖర్చయింది, ఏ పని అయింది, ఏది కాలేదు, ఏది ఇక చేయం. ఆన్‌లైన్ కో-ఆప్ (ఇంటర్నెట్‌లో కలిసి ఆడే సదుపాయం) తీసేశాం. దాని కోసమే డబ్బిచ్చినవాళ్లు అడిగితే రీఫండ్ ఇస్తామన్నాం. కొందరు కోప్పడ్డారు, ఆ కోపం న్యాయమే. రీఫండ్ తీసుకున్నవాళ్లూ ఉన్నారు. ఎక్కువమంది మాత్రం "ఇన్నాళ్లూ మీరు ఏమైపోయారోనని భయపడ్డాం" అని రాశారు. ఆలస్యం కంటే మౌనమే వాళ్లను ఎక్కువ బాధపెట్టిందని అప్పుడు అర్థమైంది.

క్యాంపెయిన్ డబ్బు అప్పటికే అయిపోవస్తోంది. మేం క్యాంపెయిన్ నడిపిన వెబ్‌సైట్ కిక్‌స్టార్టర్‌కు 5 శాతం, పేమెంట్ ఛార్జీలు, రివార్డుల ఖర్చు, సంగీతం పోగా మిగిలింది మా ఇద్దరి జీవనానికి ఎంతో కాలం సరిపోదు. అందుకే వారంలో సగం బయటి కాంట్రాక్ట్ పని పెట్టుకున్నాను. పని గంటలు తగ్గినా గేమ్ ముందుకే కదిలింది. అద్దె గురించి ఆలోచించని రోజున బగ్ త్వరగా దొరుకుతుంది.

అప్‌డేట్ రాసే పద్ధతి కూడా మార్చాం. నెలకొక తేదీ పెట్టుకున్నాం. రోజూ చేసిన పని ఒక్కో వాక్యంగా నోట్ చేసుకుంటాం, నెలాఖరున అందులోంచే అప్‌డేట్ తయారవుతుంది. బొమ్మ లేకపోతే లేదు. సేవ్ సిస్టమ్ కథంతా బొమ్మ లేకుండానే రాస్తే, అంతకుముందు ఏ ట్రైలర్‌కూ రానన్ని ప్రశ్నలు దానికి వచ్చాయి.

ప్రస్తుతం గేమ్ తొలి భాగం బీటాగా, అంటే విడుదలకు ముందు పరీక్షించే రూపంలో, బ్యాకర్ల చేతిలో ఉంది. వాళ్లు పంపే బగ్ రిపోర్టులు చదవాలని ఇప్పుడు నాకే ఆత్రంగా ఉంటుంది. ఆట మధ్యలో కంట్రోలర్ డిస్‌కనెక్ట్ అయితే గేమ్ పాజ్ కావడం లేదని ఒకరు రాశారు, ఈ వారం పని దాని మీదే. విడుదల తేదీ బీటా ముగిశాకే చెబుతాం.