కామా దగ్గర కత్తిరించిన వాగ్దానం

డిసెంబరు 31 రాత్రి మా మందిరం గుమ్మం దగ్గర వాగ్దానాల పళ్ళెం పట్టుకుని నిలబడేది నేనే. కొత్త సంవత్సరానికి దేవుని వాగ్దానంగా ఒక్కో బైబిలు వచనం అచ్చేసిన కార్డులుంటాయి అందులో. పన్నెండు దాటాక పాటలూ ప్రార్థనా అయి, తలో కేకు ముక్క పంచాక ఒక్కొక్కరే వచ్చి కళ్ళు మూసుకుని ఓ కార్డు తీస్తారు. ట్యూబులైటు కిందకి వెళ్ళి చదువుకుంటారు. ఎవరికి ఏది వచ్చిందో మొహం చూసి చెప్పేస్తాను నేను. "యెహోవా నిన్ను తలగా నియమించును గాని తోకగా నియమింపడు" అన్నది వచ్చిందనుకోండి, ఆ మనిషి ఇంటికి చేరేలోగా నలుగురికి చూపించి తీరుతాడు. మా పిల్లలు దానికి 'తల కార్డు' అని పేరు పెట్టారు. ఆజ్ఞలు విని గైకొంటేనే అన్న షరతు అదే వచనంలో ఉంది, ద్వితీయోపదేశకాండం 28:13 తీసి చూడండి. కార్డులో మాత్రం ఉండదు.

పోయిన సంవత్సరం మా వీధిలో ఉండే ఒకామె కార్డు తీసి, చదివి, మళ్ళీ పళ్ళెంలో పెట్టేసింది.

"ఇదొద్దు వదినా, ఇంకోటి తీసుకుంటాను."

చూస్తే "నా కృప నీకు చాలును" అని ఉంది. 2 కొరింథీయులకు 12:9.

"ఏమ్మా, మంచి వాగ్దానమేగా?" అన్నాను.

"అంటే ఇంకేం ఇవ్వననేగా వదినా," అంది.

ఆమె కూతురు నాలుగేళ్ళుగా కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. పంపించడానికి చేసిన అప్పు ఇంకా తీరలేదు. తల కార్డు కాకపోయినా కనీసం అప్పు గురించి ఏదో ఒక మాట వస్తుందని ఆశపడి వచ్చింది పాపం. ఆ క్షణంలో నాకు కోపం వచ్చిన మాట నిజమే. వాక్యాన్ని లాటరీ టిక్కెట్టులా మార్చుకుంటారా అని. ఇంటికెళ్ళి పడుకున్నాక నిద్ర పట్టలేదు. ఆమె అన్నది ఆమె ఒక్కదాని మాట కాదు. ఆటోల వెనకా, గోడ క్యాలెండర్ల మీదా, ఫ్రిజ్జు స్టిక్కర్ల మీదా ఈ వచనం చూసే మనలో సగం మంది లోపల అనుకునేది అదే. అడిగింది దొరకనివాళ్ళకి దేవుడిచ్చే ఓదార్పు బహుమతి కృప. పోన్లే, దీంతో సరిపెట్టుకో.

తప్పు ఆమెది కాదు, కార్డుది. "చాలును" తర్వాత మన బైబిల్లో చుక్క లేదు, కామా ఉంది. "నా కృప నీకు చాలును, బలహీనతయందు నా శక్తి పరిపూర్ణమగుచున్నది." ప్రభువు ఒక ఊపిరిలో అన్న మాట అది. కృప అన్న నోటితోనే శక్తి అన్నాడు. మనం కామా దగ్గర కత్తిరించి మొదటి ముక్క అచ్చు వేసుకున్నాం, బలమున్న ముక్కని ప్రెస్సులో వదిలేశాం.

మన మాటలో 'చాలు'కి రెండు ముఖాలున్నాయి. పెళ్ళి భోజనంలో విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి చాలు చాలు అంటే ఇక వడ్డించొద్దని. ఇంటికి పదిమంది వచ్చినప్పుడు అన్నం గిన్నె మూత తీసి చూసి 'చాలుతుంది' అంటే అందరికీ వస్తుందని. ఈ పత్రిక రాసిన అపొస్తలుడు పౌలుకి ప్రభువు నోట వినిపించింది ఈ రెండో చాలు. ఆకలిగా ఉన్న అయిదువేల మంది ఎదుట యేసు శిష్యుడు ఫిలిప్పు రెండువందల దేనారముల రొట్టెలు చాలవన్నాడు చూడండి, గ్రీకు మూలంలో అక్కడా ఈ క్రియే. వడ్డన ఆపే చాలు కాదిది.

అసలు నేను చెప్పాలనుకున్నది దీని తర్వాతి మాట గురించి. కార్డులోకి ఎక్కని సగం కూడా దాటాక, అదే వచనంలో ఉంటుంది: "క్రీస్తు శక్తి నామీద నిలిచియుండు నిమిత్తము" అని. ఈ 'నిలిచియుండు' దగ్గర నేను చాలా ఏళ్ళు ఆగకుండా వెళ్ళిపోయాను. నేను గ్రీకు చదువుకున్నదాన్ని కాను, నిఘంటువు పక్కన పెట్టుకుని కూడబలుక్కునేదాన్ని. అలా ఒక రోజు చూస్తే ఆ మాటకి అర్థం 'పైన గుడారం వేయడం' అని ఉంది. కొత్త నిబంధన మొత్తంలో ఆ క్రియ ఈ ఒక్కచోటే వస్తుంది. క్రీస్తు శక్తి వచ్చి నా మీద డేరా వేసుకుని ఉండాలని, అంటున్నాడు పౌలు.

ఆ మాట రాసిందెవరు? డేరాలు కుట్టేవాడు. ఎవరికి రాశాడు? కొరింథువాళ్ళకి. అకుల, ప్రిస్కిల్లల ఇంట్లో ఉండి వాళ్ళతో కలిసి డేరాలు కుట్టిన ఊరే కొరింథు. ఏడాదిన్నర అక్కడ ఉన్నాడు. ఆయన చేతుల కాయలు చూసినవాళ్ళు, సూది పోటు పడ్డ వేళ్ళు చూసినవాళ్ళు ఆ సంఘంలో కూర్చుని ఈ పత్రిక విని ఉంటారు. పైగా వాళ్ళకి ఆయనంటే చిన్నచూపు కూడా. ఉత్తరాలు ఘనంగానే ఉంటాయి, మనిషి చూస్తే బలహీనుడు, ప్రసంగం కొరగానిది అన్నారు. దానికి ఆయన జవాబు చూడండి. అవును, బలహీనుణ్ణే, నా పైన డేరా ఉంది అన్నాడు.

ఇంకొంచెం లోపలికి రండి. ఇదే పత్రిక అయిదో అధ్యాయంలో మన శరీరాన్ని గుడారం అన్నాడు, శిథిలమయ్యే గుడారం. పన్నెండులో ఆ శరీరంలో ముల్లు ఉందన్నాడు. గుడారం బట్టలో ముల్లు దిగితే ఏమవుతుందో డేరాలు కుట్టేవాడికి ఒకరు చెప్పాలా? చిరుగుతుంది. కారుతుంది. ఆ ముల్లు తీసేయమని ముమ్మారు వేడుకున్నాడు. ప్రభువు ముల్లు తీయలేదు. చిరిగిన ఆ గుడారం మీద తన గుడారం తెచ్చి కప్పాడు. ప్రకటన గ్రంథం ఏడో అధ్యాయంలో "సింహాసనాసీనుడైనవాడు తానే తన గుడారము వారిమీద కప్పును" అని ఉంది. తానే. దూతతో పంపించడు.

ఇదంతా నాకు నిఘంటువులో చదివాక అర్థమైందనుకుంటే పొరపాటు. నేను పదో తరగతిలో ఉండగానే చూశాను, అదేమిటో తెలియకుండా.

1996 నవంబరు 6. కోనసీమలో ఆ తేదీ ఎవరికీ గుర్తు చేయనక్కర్లేదు. ఆ రాత్రి గాలికి కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి, చేతికొచ్చిన సార్వా చేను నీళ్ళలో పడింది. భైరవపాలెం వైపు వేటకి వెళ్ళినవాళ్ళు ఎందరో తిరిగి రాలేదు. మాది తాటాకు ఇల్లు. తెల్లారేసరికి ఒకవైపు కప్పు వాసాలతో సహా లేచిపోయింది, మిగిలింది జల్లెడ. మందిరం రేకులు చెరువులో తేలాయి.

నాన్నగారు కౌలు చేసేవారు. ధాన్యం మీద కప్పడానికి పెద్ద బరకం ఒకటి ఉండేది మాకు. ఆ ఏడు కప్పడానికి ధాన్యం లేదు. ఆయన చిరిగిన ఆకంతా పీకేసి కొత్తగా నేస్తారనుకున్నాను నేను. అలా చేయలేదు. ఆకు ఎక్కడ దొరుకుతుంది అప్పుడు? కారుతున్న ఆ కప్పు మీదే బరకం పరిచి, కొబ్బరితాళ్ళతో నాలుగు వైపులా మేకులకి లాగి కట్టి, అంచుల మీద ఇసక మూటలు పెట్టారు. ఆ ఆదివారం ఆరాధన మా ఇంట్లోనే. అయ్యగారు ఏ వాక్యం చెప్పారో నాకు గుర్తు లేదు. మధ్యలో వాన వచ్చింది. బరకం మీద ఆ చప్పుడుకి పాట కూడా వినపడలేదు. ఒక్క చుక్క లోపల పడలేదు.

వీధి చివర డాబా ఇంటివాళ్ళకి బరకంతో పని పడలేదు. డాబా మీద బరకం ఎవరైనా కప్పుతారా? కారే ఇంటి మీదే కప్పుతారు. "బలహీనతయందు" అన్న మాటకి నాకు ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం ఇప్పటికీ దొరకలేదు.

ఇప్పుడు నా సంగతి కూడా చెప్పేస్తాను. పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను కదా అని ఆమె మీద కోపగించుకునే హక్కు నాకేం లేదు. 2011 చివర్లో ఇదే కార్డు నాకూ వచ్చింది. నేనూ ఎవరూ చూడకుండా లోపల పెట్టేసి ఇంకోటి తీశాను. రెండోసారి ఏం వచ్చిందో ఇప్పుడు గుర్తు కూడా లేదు. మార్చి నెలలో నాన్నగారికి పక్షవాతం వచ్చింది. నేను కార్డు మార్చుకున్నందుకు కాదు, మన దేవుడు అలాంటివాడు కాడు. కుడివైపు పూర్తిగా పోయింది, మాట ముద్దగా వచ్చేది. ఆ కొబ్బరితాళ్ళు లాగి కట్టిన చెయ్యే.

స్వస్థత ప్రార్థన చేయడానికి ఒకాయన వచ్చారు. రెండుసార్లు వచ్చాక, మీ ఇంట్లో విశ్వాసం చాలట్లేదు అని చెప్పి వెళ్ళిపోయారు. మా అమ్మ ఆ మాట విని ఏమీ అనలేదు. లేచి నాన్నగారిని పక్కకి తిప్పింది. వీపు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలని నర్సమ్మ చెప్పింది. పగలూ రాత్రీ. మా అమ్మ నలభై అయిదు కిలోలు కూడా ఉండదు, నాన్నగారు భారీ మనిషి. అలా రెండేళ్ళు దాటి. ఒకసారి అడిగాను, ఎలా చేస్తున్నావే అని. "పడుకునేటప్పుడు ఉండట్లేదే బలం. లేచేసరికి ఉంటోంది," అంది.

నాన్నగారికి బాగవలేదు. ఆయన వీపు మీద ఒక్క పుండు లేకుండా పంపించింది అమ్మ.

మనలో చాలామందికి శక్తి అంటే మైకులో కేక. కూటాల్లో పైకి లేచి సాక్ష్యం చెప్పేవాళ్ళందరూ ముల్లు ఊడినవాళ్ళే, ఊడనివాళ్ళకి మైకు ఇవ్వరు. మా గోదావరి డెల్టాకి 1836లో మిషనరీ ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ గారి వెంట ఇండియా వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు నరసాపురం, పాలకొల్లు వైపు స్థిరపడి సువార్త చెప్పినప్పుడు నెలజీతానికి పూచీపడ్డ సంస్థ ఏదీ వాళ్ళ వెనక లేదు. 'చాలును' అన్నది వాళ్ళకి కార్డు మీది అచ్చు కాదు, రేపటి బియ్యం. వాళ్ళ వల్ల వాక్యం విన్న ఊళ్ళలో ఉంటూ మనం కార్డులు మార్చుకుంటున్నాం.

అడగొద్దని కాదమ్మా. అడగండి. పౌలు మూడుసార్లు అడిగాడు, మీరు ముప్పైసార్లు అడగండి. మందులు మానకండి. వైద్యుడైన లూకాని పక్కన పెట్టుకుని తిరిగినవాడు పౌలు, షుగరు బిళ్ళ వేసుకుంటే కృప తగ్గిపోదు. కానీ ప్రార్థనకి వచ్చినప్పుడు ఇంటిని డాబా అని చెప్పకండి. కప్పు ఎక్కడ కారుతోందో అక్కడ వేలు పెట్టి చూపించండి ఆయనకి. మొగుడి తాగుడా, తీరని అప్పా, కొడుకు మాట్లాడకపోవడమా, అర్ధరాత్రి వచ్చే ఆ భయమా. అందరం బాగున్నామండీ, దేవుని కృప అంటాం మనం. ఆ మాట అన్నాక ఆయన బరకం ఎక్కడ పరవాలి?

ఆ వదిన మాట మర్చిపోలేక ఈసారి కార్డులు అచ్చు వేయించే మా కుర్రాళ్ళని ముందే పిలిచాను. 12:9 కామా దగ్గర ఆపకండి, పూర్తిగా వేయండి, "నామీద నిలిచియుండు నిమిత్తము" దాకా ఉండాలి అని చెప్పాను. అందులో ఒకడు కొలత చూసుకుని, "అంత వాక్యానికి కార్డులో చోటు చాలదాంటీ, కింద పువ్వుల బొమ్మ ఉంది కదా," అన్నాడు.

పువ్వులు తీసేయమన్నాను.